పురుళ్ళ బంగళా

దీపాలు పెట్టాక పురుళ్ళ బంగళా వైపు మా పల్లెలో ఎవరూ పోరు. పోతే పసిబిడ్డ ఏడుపు వినపడుతుందని పేరు. ప్రత్తిపాడులో ఆఖరి బస్సు దిగినవాళ్ళు కూడా ఆ దోవ వదిలేసి, పత్తిచేల గట్ల మీద పడి, కాళ్ళు గీరుకుపోయినా సరే... చుట్టూ తిరిగి వస్తారు.

ఆ పేరు పాతదే. కానీ ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పనిది ఒకటుంది. రెండు నెలలుగా ఆ ఏడుపు నాదే.

మేడ మీద గదిలో దుప్పటి ముసుగేసుకుని కూర్చుని నేనే ఏడ్చేదాన్ని. కొలతలు తీయడానికి వచ్చినవాళ్ళు రెండుసార్లు టేపు పారేసి పరిగెత్తారు. నవ్వొచ్చేది. భయం కూడా వేసేది — ఎన్నాళ్ళు ఆపగలం?

అది నూట ముప్ఫై ఏళ్ళ నాటి ఇల్లు. క్రైస్తవ మిషనరీ నర్సులు ఒకరి తర్వాత ఒకరు అందులో ఉండి పురుళ్ళు పోశారు. మా అమ్మ పుట్టింది అక్కడే. కులం అడక్కుండా తలుపు తీసిన ఇల్లు ఈ చుట్టుపక్కల అదొక్కటేనని దానయ్య తాత అంటాడు. కళ్ళజోడుకి నల్లతాడు కట్టుకునే ఆఖరి నర్సమ్మ పోయాక ముప్ఫై ఏళ్ళుగా ఖాళీగా పడుంది. పోయినేడు గుంటూరు ఆసామి ఒకాయన కొన్నాడు. పడగొట్టి మిర్చికి కోల్డ్ స్టోరేజీ కడతాడట.

బడిలో టీచరు సంతోషకుమారి అక్క మమ్మల్ని పోగుచేసి కోర్టుకెక్కింది. శుక్రవారం స్టే ఇచ్చారు. కాగితం మాత్రం సోమవారం తీసుకోమన్నారు.

ఆదివారం రాత్రి పదకొండింటికి కూల్చడానికి ప్రొక్లెయిన్ మిషను వచ్చింది.

అక్క పోలీసులకి ఫోన్ చేసింది. "కాగితం ఉందా అమ్మా? లేకపోతే మేమేం చెయ్యం?" అని పెట్టేశారు.

"తెల్లారేదాకా..." అంది అక్క. "ఈ ఒక్క రాత్రి ఆగితే చాలు."

"ఏడుపు ఎత్తుకోవే రెబ్కా," అన్నాడు తాత.

"ఆ ఇంజను మోతలో ఎవడికి వినపడుద్ది తాతా?"

"అయితే ఘాటు పెట్టండి," అంది బసవమ్మత్త. "మా కళ్ళంలో తాలు మిరపకాయలు రెండు బస్తాలున్నాయి. రంగు పోయినయ్యే గానీ కారం పోలేదు. నా పెద్దోడు అడ్డం తిరిగితే ఆ గదిలోనే బయటపడ్డాడు. ఎవడు కూలుస్తాడో చూస్తా."

వెనక గదిలో ఇనప బాండీ నిండా నిప్పులు పోసి నేను కూర్చున్నాను. వాళ్ళంతా పెరట్లో నిలబడ్డారు. దక్షిణం నుంచి పైరగాలి కిటికీలోకి కొడుతోంది. పొగ ముందు తలుపులోంచి తిన్నగా మిషను మీదకి పోతుంది... అదీ మా ఉపాయం. దోసిళ్ళతో కాయలు గుమ్మరించాను.

మిరపచేలల్లో పుట్టి పెరిగినవాళ్ళం. అర్ధరాత్రి దాటితే పైరగాలి పడిపోతుందని మా పిల్లలకి కూడా తెలుసు. ఆ హడావుడిలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

గాలి ఆగిపోయింది.

పొగ గదిలోనే నిలిచింది. ఆ తర్వాత వెనక్కి, పెరట్లోకి తిరిగింది. దగ్గులు... కేకలు... అందరూ చేలల్లోకి పరుగు. నాకు కళ్ళు తెరుచుకోలేదు. గొంతు మూసుకుపోయింది. గోడ తడుముకుంటూ తలుపు కోసం వెతికాను — గోడ, మళ్ళీ గోడ. మోకాళ్ళ మీద పడిపోయాను.

అప్పుడు ఇల్లంతా అదిరింది. ముందు వసారా మీద మొదటి దెబ్బ. నెత్తిన సున్నం రాలింది.

లోపల నేనున్నానని డ్రైవరుకి తెలియదు. అరిచాను. నోట్లోంచి గాలే వచ్చింది. రెండో దెబ్బకి దూలం మూలిగింది. ఇక అయిపోయింది అనుకున్నాను... ఇల్లూ, నేనూ...

ఇంజను ఆగింది.

ఎంతసేపు పాకానో తెలియదు. వసారా శిథిలాల మీదుగా బయటపడ్డాను. మిషను చెయ్యి గాల్లో అలాగే ఉంది. క్యాబిన్‌లో ఎవరూ లేరు.

సోమవారం పదకొండింటికి అక్క కాగితం తెచ్చింది. వసారా పోయింది గానీ ఇల్లు నిలిచింది. "చూశారా నా తాలు కాయల దెబ్బ!" అని బసవమ్మత్త ఒకటే మురిసిపోయింది.

సాయంత్రం ఆ డ్రైవరే వచ్చాడు. నాగూర్ వలి అట. చేతిలో ప్లాస్టిక్ కవరు. దెబ్బలాటకి వచ్చాడనుకున్నాం.

"మీకు బుద్ధుందా అసలు?" అన్నాడు వస్తూనే.

"మా ఇల్లు మేం కాపాడుకున్నాం బాబూ," అన్నాడు తాత.

"ఇల్లు సంగతి సరే పెద్దాయనా. ఆస్పత్రులు లేవా? నొప్పులు పడే మనిషిని ఆ కొంపలో పడుకోబెడతారా? చెప్పకపోతే ఏమైపోయేది?"



"పొగకి కాదా నువ్వు పారిపోయింది?" అంది బసవమ్మత్త.

"పొగేంటి? అద్దాలెత్తుకుని ఏసీలో కూర్చున్నా. పెద్దావిడొకావిడ వచ్చి అద్దం తట్టింది. చేతులు మోచేతుల దాకా తడి. 'పురుడు జరుగుతోందయ్యా, కాస్త ఆగు' అంది. వెంటనే ఇంజను ఆపేశా. మగాణ్ణి, అక్కడ ఉండకూడదని రోడ్డెక్కా. ఓనరు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలా."

"ఏ... పెద్దావిడ?" అంది అక్క.

అతను మా మొహాలన్నీ ఒక్కొక్కటే చూశాడు. "ఇక్కడ లేదండీ. కళ్ళజోడుకి నల్లతాడు కట్టుకునుంది."

తాత చెయ్యి నా భుజం మీద పడింది.

నాగూర్ వలి కవరులోంచి చిన్న ఊలు టోపీ తీశాడు. "మా ఆవిడ పంపింది. పోయిన నెలే మాకూ పుట్టాడు. ఇంతకీ... ఆడపిల్లా, మగపిల్లాడా?"



ఆ రాత్రి వెనక గదిలో ఉన్నది నేనొక్కదాన్నే. ఊపిరాడక పడిపోయి, చీకట్లోంచి పాక్కుంటూ బయటికొచ్చింది నేనొక్కదాన్నే.

చెయ్యి చాపి టోపీ తీసుకున్నాను.

"ఆడపిల్లండీ," అన్నాను.