గంజి వరుసలో ఇచ్చిన బిడ్డ

మిట్టమధ్యాహ్నం భర్త వెంట లోపలికొచ్చిన మనిషిని చూడగానే నల్లమ్మ గుండె గుభేలుమంది! తిప్పమ్మ!... పదమూడేళ్లయినా ఆ ముఖాన్ని ఎలా మరిచిపోతుంది?

"ఈమెకు ఇంత సంగటి పెట్టు నల్లమ్మా," అన్నాడు పాపన్న. కదిరి రైల్వే గూడ్సు షెడ్డులో తప్పిపోయిన మూటల ఆచూకీ తీయడం అతని ఉద్యోగం. "'ఎవరెవరి మూటలో వెతికిస్తావంట, నా బిడ్డను వెతికియ్యప్పా' అని కాళ్లమీద పడింది."

ఊరందరి మూటలూ వెతికిపెట్టే మారాజు, చివరికి తన కొంపకే ఆచూకీ పట్టుకొచ్చాడు! నల్లమ్మ తేలు కుట్టిన దొంగలా ఇద్దరికీ కంచాలు తెచ్చి పెట్టింది. తిప్పమ్మ కళ్లకు పొరలు కమ్మాయి. ఎదుట ఉన్నదెవరో ఆనవాలు పట్టలేక గోడకానుకుని చెప్పసాగింది.

"యాభైరెండు కరువులో, గంజి కేంద్రంకాడ సంకన బిడ్డుంటే ఇంకో గరిటె పోసేటోళ్లు. ఆడోళ్లం ఒకరి బిడ్డను ఒకరికి ఇచ్చుకుంటాంటిమి. వరసలో నా ఎనకాలున్న ఒకామెకు నా పాపనిచ్చినా... అంతలో కండ్లు తిరిగి పడిపోతి. బండిలో ఏసుకుని ఆస్పత్రికి పోయినారంట. నాలుగో పొద్దు వచ్చి చూస్తే ఆమె లేదు, బిడ్డా లేదు!"

"బిడ్డకు గుర్తులేమన్నా ఉండాయా?" పాపన్న అలవాటుగా అడిగాడు.

"మూర్ఛొస్తే మా అవ్వ పొట్టమీద మూడు వాతలు పెట్టింది నాయనా."

పాపన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మెల్లగా భార్య వైపు తిరిగాడు. "తల్లి చచ్చిపోయిందంటివి గదే!..."

కూతురు చిన్నక్క బడి నుంచి కూటికి వచ్చే వేళయింది! అబద్ధమాడితే ఈ చూపులేని మనిషికేం తెలుస్తుంది? కానీ మొగుడు ఊరుకుంటాడా? దేవుడు ఊరుకుంటాడా? నల్లమ్మ తిప్పమ్మ పాదాల మీద పడి బావురుమంది.

"ఆమెను నేనే అక్కా! మొదటి పొద్దు నీకోసం వెతికినా. రెండో పొద్దు నువ్వు యాడొస్తావోనని దాంకున్నా! కడుపు పండని పాపిష్టిదాన్ని... నీ బిడ్డను నువ్వు తీసుకుపో, నన్ను మాత్రం శపించొద్దు!"

తిప్పమ్మ తడుముకుంటూ నల్లమ్మ తలమీద చెయ్యి వేసింది.

"బతికుండాదా?... బాగుండాదా?... తీసుకుపోయి ఏమని చెప్పేది చెల్లీ? 'ఊరూపేరూ తెలియనిదానికి నన్నెందుకిచ్చినావు' అని అడిగితే ఏమనేది? ఇన్నేండ్లూ వెతికినా గానీ... ఆ మాట తలుచుకుంటే నాకూ భయమే!"

"అమ్మా, ఆకలేస్తాంది!" వాకిట్లోంచి చిన్నక్క కేక వినిపించింది. తల్లులిద్దరూ ఒక్కసారే ఉలిక్కిపడ్డారు.

నల్లమ్మ కళ్లు తుడుచుకుని లేచింది. "నువ్వేం చెప్పొద్దు అక్కా, నేనే చెప్తా," అంటూ కూతురి చెయ్యి పట్టుకొచ్చి తిప్పమ్మ చేతిలో పెట్టింది.

"ఈమె నిన్ను కన్నతల్లి, పాపా. నిన్నెవరూ పారేయలేదు... కాసేపు ఎత్తుకోమని నాకిచ్చింది. తిరిగి ఇయ్యనిదాన్ని నేనే!"