తొమ్మిదో మంచం పంపు

ఆ ఆస్పత్రి మూడో అంతస్తులో, వరండా చివర ఒక గది ఉంది. చక్రం ఊడిన కుర్చీలు, కాలు విరిగిన మంచాలు, మూలపడ్డ మిషన్లు, అన్నీ అందులోకే పోతాయి. పగలు ఆ గదిని పట్టించుకునే వాళ్ళే ఉండరు. రాత్రయితే మాత్రం దాని ముందు నుంచి నడవడానికి ఎవరికీ కాళ్ళు రావు.

ఆ గదిలో ఒక పంపు ఏడుస్తుందని పేరు.

పంపంటే నీళ్ళ పంపు కాదు. రోగి మంచం పక్కన కడ్డీకి తగిలించే చిన్న పెట్టె. గంటకి ఇన్ని చుక్కలని లెక్కపెట్టి మందుని నరంలోకి తోస్తుంది. మందు అయిపోవస్తే కూస్తుంది. గొట్టం నొక్కుకుపోతే కూస్తుంది. ఆ కూత విని సిస్టర్ పరిగెత్తుకొస్తుంది. రోగి ప్రాణం ఆ కూతలో ఉంటుందన్నమాట.

గదిలో ఉన్నది తొమ్మిదో మంచం పంపు. ఆ మంచం మీదున్న పెద్దాయన పోయాక తీగ పీకేసి తెచ్చి అక్కడ పెట్టారు. తీగ లేకపోయినా... రాత్రి రెండు దాటాక కూస్తుందట.

ఆ మాట మొదట అన్నది ఆయమ్మే. రాత్రి డ్యూటీ ఆయా ఆవిడ. పన్నెండేళ్ళుగా ఆ వార్డులో దుప్పట్లు మారుస్తోంది, గచ్చు తుడుస్తోంది, రోగుల్ని పక్కకి తిప్పుతోంది. అక్కరలేని మాట ఆవిడ నోట్లోంచి రాదు. అందుకే ఆవిడ చెబితే అందరూ నమ్మారు.

"ఆ గదిలోకి ఒక్కదానివే పోకు ఆయమ్మా. పెద్దాయన మందు అడుగుతున్నాడు," అనేవాడు వాచ్‌మన్.

"నీ నాలిక్కి నరం లేదు. నోర్ముయ్యి."

"బాగుంది! ముందు విన్నది నువ్వు. అప్పటిదాకా నాకు నా గురకే వినబడేది కాదు. ఇప్పుడు రెండయితే చాలు, చెవులు నిక్కబొడుచుకుంటున్నాయి."

ఆయమ్మ నవ్వేది కాదు. ఎందుకంటే ఆ పంపు ఎందుకు ఏడుస్తోందో ఆవిడకి తెలుసు.

జరిగింది ఇదీ.

రెండు నెలల కిందట. పెద్దాయనకి బీపీ పడిపోకుండా పంపులో మందు వెళుతోంది. సూది మోచేతి మడత దగ్గర పెట్టారు. పెద్దాయన చెయ్యి మడిస్తే గొట్టం నొక్కుకుపోయి పంపు కూసేది. చాపితే ఆగేది. మళ్ళీ మడిస్తే మళ్ళీ కూత. ఒక రాత్రిలో యాభై సార్లు! చిన్న సిస్టర్ వచ్చి సరిచేసి వెళ్ళేది, టేబుల్ దాకా వెళ్ళేలోపు మళ్ళీ మొదలు. వార్డులో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. నాన్నా పులి కథలాగా, అది కూసిందంటే తల తిప్పి చూసే వాళ్ళు కూడా తగ్గిపోయారు.

మూడో రాత్రి పెద్దాయన భార్య ఆయమ్మ చేతులు పట్టుకుంది.

"తల్లీ, ఆయన కునుకు తీసి మూడు రోజులైంది. దాని నోరు కాసేపు మూయించవా?"

పాపం అనిపించింది. ఆయమ్మ పంపు వెనక అడుగున తడిమింది. అక్కడ జల్లెడలా చిన్న చిన్న చిల్లులుంటాయి. కూత వచ్చేది వాటిలోంచే. వాటిమీద దూది ముద్ద పెట్టి, పైన రెండు వరసలు ప్లాస్టరు అతికించింది. ఇంకో వార్డు ఆయా నేర్పిన చిట్కా అది. అప్పటికి ఎన్నిసార్లు చేసిందో. ఎప్పుడూ ఏమీ కాలేదు.

పెద్దాయన నిద్రపోయాడు. భార్య నిద్రపోయింది. వార్డంతా చల్లగా నిద్రపోయింది.

రెండు దాటాక మందు అయిపోయింది. పంపు కూసింది. దూదిలోనే కూసింది.

ఆయమ్మ దుప్పటి సర్దుదామని వచ్చేసరికి పెద్దాయన చెయ్యి మంచులా ఉంది. ఆవిడకి ఒళ్ళు తెలియలేదు. ముందు ప్లాస్టరు పీకింది. దూదితో సహా కొంగులో దోపింది. అప్పుడు అరిచింది. ప్లాస్టరు ఊడిన పంపు మెట్ల దాకా వినబడేలా కూస్తోంది...

అందరూ వచ్చి విన్నది ఆ కూతనే. ఇంత గట్టిగా మొత్తుకుంటుంటే నాలుగు బారల దూరంలో టేబుల్ దగ్గరున్న సిస్టర్‌కి వినబడలేదా? అయితే నిద్రపోయిందన్నమాట. అని తేల్చేశారు. చిన్న సిస్టర్‌ని డ్యూటీలోంచి తీసేసి, విచారణకి కమిటీ వేశారు.

మొన్న ఆ పిల్ల తన చెప్పులు, దువ్వెన తీసుకుపోవడానికి వచ్చింది. చిక్కి సగమైంది.

"ఆయమ్మా, నేను నిద్రపోలేదు. కాగితాలు రాస్తూనే ఉన్నాను. ఒట్టు. నువ్వైనా నమ్ముతావా?"

"నమ్ముతాను తల్లీ."

అంతే అంది. ఇంకో మాట గొంతు దాకా వచ్చింది. మింగేసింది.

రేపు పదింటికి కమిటీ. ఆ పిల్ల ఇక ఏ ఆస్పత్రిలోనూ సూది పట్టుకోకుండా చేస్తారని అందరూ అనుకుంటున్నారు.

ఆ రాత్రి...

ఆయమ్మ వరండాలో గచ్చు తుడుస్తోంది. గడియారం రెండు దాటింది. వార్డులో ఎవరో దగ్గారు. మళ్ళీ అంతా సద్దుమణిగింది.

కీ... కీ... కీ...

ఆయమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

రోజూ వినబడేదే. కానీ ఇవాళ దగ్గరగా ఉంది. నోట్లో గుడ్డ కుక్కితే మనిషి మూలిగినట్టు... ఆ గొంతు ఆవిడకి తెలుసు. దూదిలోంచి వచ్చే గొంతు.

వాచ్‌మన్ కుర్చీలోంచి లేచాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆయమ్మా... ఈసారి నిజంగానే..." అని గుసగుసలాడాడు.

"ఇన్నాళ్ళూ విన్నావుగా?"

"ఊరికే అన్నాను. నువ్వన్నావని నేనూ అన్నాను. వినడం ఇదే మొదలు!"

ఆయమ్మ అడుగు ముందుకే పడింది. రేపు పదింటికి అంతా అయిపోతుంది. ఇవాళ కూడా పారిపోతే ఇంక పారిపోతూనే ఉండాలి.

వరండా చివర గది తలుపు ఓరగా ఉంది.

తోసింది. లోపల కటిక చీకటి. మందుల వాసన, తుప్పు వాసన. ఎదురుగా పాముకన్నులా ఒక ఎర్ర చుక్క... వెలుగుతోంది, ఆరుతోంది.

కీ... కీ...

"పెద్దాయనా," అంది మెల్లగా. "నన్ను పిలవడానికేగా ఇదంతా. వచ్చాను."

 ఎర్ర చుక్క వెలిగింది. ఆరింది.

ఆయమ్మ మంచాల మధ్యనుంచి తడుముకుంటూ పోయింది. చెయ్యి పంపుకి తగిలింది. వెనక్కి పోయింది. అడుగుకి పోయింది.

మెత్తగా... దూది.

పైన ప్లాస్టరు. రెండు వరసలు.

రెండు నెలల కిందట తన చేత్తో పీకేసిన ప్లాస్టరు మళ్ళీ అక్కడే ఉంది!

గోరు పెట్టి సర్రున లాగింది. కూత గదంతా మారుమోగిపోయింది. అదే క్షణంలో గదిలో లైటు వెలిగింది.

బీరువా పక్కన కుర్చీలో ఒక మనిషి. చేతిలో కాగితం, పెన్సిలు. మిషన్లు సరిచూసే మెకానిక్. కమిటీ వాళ్ళు పిలిపించారని, పంపుల డాక్టరొచ్చాడని సాయంత్రం నుంచి సిస్టర్లు నవ్వుకుంటున్నారు.

అతను లేచి మీట నొక్కాడు. కూత ఆగింది. నిశ్శబ్దం చెవుల్లో గింగురుమంది.

"భయపెట్టానా అమ్మా? ఈ చిల్లుల చుట్టూ జిగురు మరక చూశాను. దూదిపీచు కూడా అంటుకుని ఉంది. ఇక్కడ ఏదైనా అతికిస్తే కూత ఎంత దూరం పోతుందో, విని ఎవరైనా వస్తారో లేదో, వార్డు నిద్రపోయాక లైటార్పి చూద్దామని..." ఆగాడు. ఆవిడ చేతిలోని ప్లాస్టరు వంక చూశాడు. గొంతు తగ్గించాడు. "అమ్మా... చీకట్లో... మీ చెయ్యి నేరుగా అక్కడికే ఎలా వెళ్ళింది?"

ఆయమ్మ మెళ్ళో డ్యూటీ కార్డు తీసింది. కార్డు కవరులో వెనక మడతపెట్టి దాచినదాన్ని బయటికి లాగింది. నల్లబడ్డ ప్లాస్టరు, అట్టకట్టిన దూది.

"పారేద్దామని ఎన్నిసార్లో చెత్తబుట్ట దాకా వెళ్ళాను బాబూ. చెయ్యి విడవలేదు."

అతను దాన్ని అందుకుని మరక మీద పెట్టి చూశాడు. అంచుకి అంచు అతికినట్టు సరిపోయింది. 

"తప్పు మీ ఒక్కరిదే కాదమ్మా. చెయ్యి మడిచినా కూస్తుంది, ప్రాణం పోతున్నా అదే కూత కూస్తుంది. ఎవరైనా ఎంతకని వింటారు? చిల్లులు ముందువైపు, చెయ్యి అడ్డం పెట్టలేని చోట ఉండాలి. రెంటికీ రెండు కూతలుండాలి. సూది మడత దగ్గర పెట్టకూడదు. అన్నీ రాస్తాను."

"నీ మాట నువ్వు రాయి బాబూ. నా మాట మాత్రం నీ కాగితంలో కలపకు. అది నేనే చెప్పుకోవాలి."

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"అయినా రెండు నెలలుగా రాత్రిళ్ళు దీన్ని కూయిస్తున్నది నువ్వేనా? ఒక్క ముక్క చెప్పి చేస్తే ఏం పోయింది, హడలి చచ్చాం."

మెకానిక్ వింతగా చూశాడు.

"రెండు నెలలా? నేనొచ్చింది ఇవాళ సాయంత్రమేనమ్మా. పైగా దీని బ్యాటరీ ఆ రోజే తీసి కమిటీ వాళ్ళు తమ గది బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇందాకే నాకిచ్చారు. అది లేకుండా ఇది... కూయదు."

ఆయమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

పొద్దున పదింటికి కమిటీ గది బయట బల్ల మీద చిన్న సిస్టర్ కూర్చుని ఉంది. ఉతికిన బట్టలు కట్టుకుని, తల వంచుకుని. ఆయమ్మ వచ్చి పక్కన నిలబడింది. డ్యూటీ కార్డు మెళ్ళోంచి తీసి అరచేతిలో పట్టుకుంది.

"ఆయమ్మా, నువ్వెందుకొచ్చావు?"

"నువ్వు నిద్రపోలేదని చెప్పడానికి తల్లీ."

చిన్న సిస్టర్‌ని మళ్ళీ డ్యూటీలోకి తీసుకున్నారు. ఆయమ్మని ఇంటికి పంపించేశారు. పంపులు మారాయట. ఆ గదిలోంచి ఆ తరవాత ఏ కూతా రాలేదని వాచ్‌మన్ అందరికీ చెబుతుంటాడు.

ఆయమ్మ మాత్రం ఇప్పటికీ రాత్రి రెండు దాటాక లేచి కూర్చుంటుందట. చెవి ఒగ్గి వింటుందట. ఇంట్లో ఏ చప్పుడూ ఉండదు, దూది పెట్టిన ఆ రాత్రి వార్డులో లాగే.

ఇప్పుడు ఆవిడకి భయమల్లా... ఆ చప్పుడు లేకపోవడమేనట.