ఖాళీ కంప్యూటర్లకు పని

"మా కంప్యూటర్లన్నిటికీ జ్వరం తెప్పించింది మీరేనా?"

కొత్తగా చేరిన లెక్కల మాస్టారు తలెత్తాడు. గుమ్మంలో కాలేజీ ల్యాబ్ ఇన్‌ఛార్జి. వెనకాల అందరూ ఆమెను 'తాళంకప్ప' అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. కోపంలో కూడా ఇంత బాగుంటే ఎలా అనుకున్నాడు మాస్టారు, అనుకోకూడని సమయంలో.

"ఖాళీగానే ఉన్నాయి కదాని ఒక ప్రాజెక్టులో చేర్చానండి. మనకు పని లేనప్పుడు ఇవి వాళ్ల లెక్కలు కొన్ని చేసి పెడతాయి. జబ్బులకు మందు కనిపెట్టే రీసెర్చ్."

"ఎవరు వాళ్లు? ఏ యూనివర్సిటీ?"

"వెబ్‌సైట్‌లో డాక్టర్ల ఫోటోలు ఉన్నాయి..."

"ఫోటోలు ఎవరైనా పెడతారు. నడిపేదెవరో లేదు, అచ్చైన పేపరు ఒక్కటీ లేదు, పైగా అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోంది. తెల్లనివన్నీ పాలనుకుంటే ఎలా మాస్టారూ? అన్నీ తీసేశాను."

మాస్టారి ముఖం చిన్నబోయింది.

"మా అక్కకి కండరాల జబ్బండి. దానికి మందు లేదు. ఆ సైట్‌లో జబ్బు పేరు కనపడగానే ఇంకేం చదవలేదు."

బయట వాన పడుతోంది. అతను గొడుగు కూడా మరిచిపోయి తడుస్తూ వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆమె ఎదురైతే పక్క వరండాలోకి తప్పుకునేవాడు. సిగ్గు సగం, ఉక్రోషం సగం. మనసు మాత్రం ఆ ల్యాబ్ చుట్టూనే తచ్చాడేది.

ఒక మధ్యాహ్నం ఆమే స్టాఫ్‌రూమ్‌కి వచ్చి పిలిచింది. వెళ్లి చూస్తే ల్యాబ్‌లో కంప్యూటర్లన్నీ పనిలో ఉన్నాయి.

"ఈ ప్రాజెక్టు ఒక మెడికల్ యూనివర్సిటీ నడిపేది. మీ అక్కగారి జబ్బు మీదే. వాళ్ల పేపర్లన్నీ చదివాను. అర్థం కానివి బయాలజీ మేడమ్‌ని విసిగించి చెప్పించుకున్నాను. ఒకే లెక్కని వేరువేరు కంప్యూటర్లకిచ్చి, జవాబులు కలిస్తేనే తీసుకుంటారు. ముందు మా ఇంట్లో కంప్యూటర్ మీద నడిపి చూసి, ప్రిన్సిపాల్ గారిని ఒప్పించాను."

"ఇదంతా నాకోసమా?"

"మీ అక్కగారి కోసం," అంది స్క్రీన్ వైపు తిరిగి. చెవులు ఎర్రబడ్డాయి.

మాస్టారు అక్కడికక్కడే అక్కకు వీడియో కాల్ చేసి అంతా చూపించాడు.

"థాంక్సమ్మా," అంది అక్క. "రేపే మందు వచ్చేయదని నాకూ తెలుసు. కానీ నా పక్కన ఇంతమంది ఉన్నారంటే ధైర్యంగా ఉంది." కళ్లు తుడుచుకుని తమ్ముడి మీద పడింది. "ఒరేయ్, ఇన్నాళ్లూ ఏ మాట మొదలుపెట్టినా ఈ అమ్మాయి దగ్గరికే తెచ్చేవాడివి. ఇంతకీ తనకి చెప్పావా లేదా?"

"అక్కా! ఆవిడ వింటోంది!"

"వినాలనే అడిగానురా."

మాస్టారు నేల చూపులు చూస్తున్నాడు. ఇన్‌ఛార్జి మెల్లగా ఫోన్ తన వైపు తిప్పుకుంది.

"ఇంకా చెప్పలేదు వదినా," అంది.