ఒక కన్ను తెరిచిన తల్లి

శనివారం పొద్దున్నే సౌభాగ్యమ్మ మెంతికూర ఆకులు తుంచుతుంటే, కోడలు రెబెకా ఫోను తెచ్చి గోడకి ఆనించి పెట్టింది.

"అత్తయ్యా, కృప వదిన కథ రాసిన సినిమా వచ్చేసింది. చూద్దాం రండి. భయపడతారేమో, ముందే చెబుతున్నా."

"నా కూతురు రాసినదానికి నేను భయపడటమేంటే!" అంది సౌభాగ్యమ్మ మురిసిపోతూ.

సినిమాలో ఒక పిల్లకి చెవిలో ఎవరో గుసగుసలాడుతున్నట్టుంటుంది. నిద్ర ఉండదు. పిచ్చి పట్టిస్తున్నది మొగుడేనంది రెబెకా. కాదు, మందులిచ్చే డాక్టరేనంది సౌభాగ్యమ్మ. చివరికి చూస్తే ఆ గొంతు కన్నతల్లిది! తెల్లచీర, మెత్తటి మాట, ఒళ్ళో బైబిలు. ఆవిడ ఎవరి కష్టం పైకి చెప్పి ప్రార్థిస్తే, వాళ్ళ బతుకు ఊరందరి నోళ్ళలో పడి నలిగిపోతుంది. ఆఖర్న అందరితో పాటు కళ్ళు మూసుకుని, మెల్లగా ఒక కన్ను తెరిచి, ఎవరు ఏడుస్తున్నారో చూసుకుని, తృప్తిగా మళ్ళీ మూసుకుంటుంది.

రెబెకా నవ్వబోయి ఆగిపోయింది. చిలకలపూడి స్త్రీల ప్రార్థన కూడికలో ఆ అలవాటు ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

సౌభాగ్యమ్మ మొహం మాడిపోయింది. "రేపు కూడికలో చెబుతాను. నా కూతురికి దెయ్యం పట్టింది, ప్రార్థించండి అంటాను. అప్పుడు తలెత్తుకు తిరగమను చూద్దాం! ముందు దాని మొహం మీదే అనేసి వస్తా."

"కూర సగంలో వదిలేసి ఎక్కడికండీ?" అంటున్నా వినకుండా కూతురుండే గుడివాడకి బస్సెక్కింది.

తలుపు తీసిన కృపాకుమారి తల్లిని చూసి ఆశ్చర్యపోలేదు.

"చూశావన్నమాట."

"చూశాను. కన్నతల్లిని హంతకురాలిని చేశావు!"

"ఆవిడ ఎవర్నీ చంపలేదే. ప్రార్థన చేసిందంతే."

"నన్ను నలుగుర్లో నవ్వులపాలు చేయడానికేగా రాశావు?"

"అందుకే రాశాను," అంది కృప నిదానంగా. "నాకు నిద్ర పట్టట్లేదు, ఏవో మాటలు వినిపిస్తున్నాయి, డాక్టరుకి చూపించుకుంటున్నానని నీకొక్కదానికే చెప్పాను. నువ్వేం చేశావు? కూడికలో లేచి నిలబడి, మా అమ్మాయి మనసు బాగాలేదు, ప్రార్థించండి అన్నావు. సాయంత్రానికల్లా అవనిగడ్డలో నన్ను చేసుకోబోయే జాషువా వాళ్ళింటికి తెలిసిపోయింది. సంబంధం వద్దన్నారు. అతను ఒక్కసారి ఫోను కూడా చేయలేదమ్మా."

"నీ మేలు కోరే కదే..."

"కోరితే దేవుడికి మెల్లగా చెప్పుకోలేకపోయావా? ఆయనకేమైనా చెముడా?"

సౌభాగ్యమ్మకి ఒళ్ళు మండిపోయింది. "రేపు మళ్ళీ చెబుతాను. ఏం చేస్తావో చెయ్యి."

"చెప్పు. నేనూ వస్తా. ముందు వరసలో కూర్చుని నిన్నే చూస్తుంటా."

కృప మంచినీళ్ళ గ్లాసు అందించడానికి ముందుకి వంగింది. అప్పుడు చూసింది సౌభాగ్యమ్మ, కూతురి కళ్ళ కింద నల్లటి గుంటల్ని.

"ఇంకా నిద్ర పట్టట్లేదా?"

కృప పెదవి బిగపట్టింది. "నువ్వు ఏడిస్తే చూడాలని రాశాను. చూశాక హాయిగా నిద్రపోతాననుకున్నాను. నిన్ను చూస్తే ఇంకా భయంగా ఉందమ్మా."

సౌభాగ్యమ్మ కుర్చీలో కూలబడింది. "మీ నాన్న పోయాక ఎవరు గడప దాటినా నాకు దడే. ఆ భయం మొయ్యలేక అందరికీ పంచాను. అది నీ మీద పడుతుందని తెలియలేదే తల్లీ."

కృప తల్లి మోకాళ్ళ మీద తల పెట్టి బావురుమంది. సౌభాగ్యమ్మ ఆ తల మీద చెయ్యి వేసింది. రెండు కళ్ళూ మూసుకుని ప్రార్థించింది. పెదవులు మాత్రం కదల్లేదు.

"ఏమని అడిగావమ్మా?"

"నీకెందుకే? అది నాకూ ఆయనకీ మధ్య."

ఆదివారం రెబెకా ఫోను చేసింది. "అత్తయ్యా, కూడికకి అందరూ వచ్చేశారు. వదిన గురించి ఏదో చెబుతానని నిన్న బస్సులో అన్నారట కదా, అదేంటని అడుగుతున్నారు. ఏమనమంటారు?"

పక్క గదిలో కృప చెయ్యి బుగ్గ కింద పెట్టుకుని, చిన్నపిల్లలా నోరు కొంచెం తెరిచి, గాఢంగా నిద్రపోతోంది. సౌభాగ్యమ్మ కొంగుతో కళ్ళొత్తుకుని గొంతు తగ్గించింది.

"కూతురి దగ్గరుందని చెప్పు. ఇంకేం చెప్పకు."