తప్పెవరిదో చెప్పండి లాయర్ గారూ

"సంతకం చెయ్యను. కాఫీ తాగి పోండి."

నేత్రావతి అలా అనేసరికి సుధీర్ తెరిచిన ఫైలు మూసి, ఏం తోచక మళ్ళీ తెరిచాడు. ఆమె వర్తూరులోని ఒక స్పెషల్ స్కూల్లో టీచరు. కిందటి వారం క్లాసులో హర్షిత అనే పిల్ల తోసేస్తే పడి, కుడి మణికట్టు విరిగింది. సుధీర్ ఆ స్కూలు ట్రస్టు లాయరు. చేతికి కట్టు కట్టుకున్న మనిషి ఇంత అందంగా కోప్పడుతుందని మారతహళ్ళిలో ఆమె ఇంటి మెట్లెక్కేటప్పుడు పాపం అతనికి తెలియదు.

"చిన్న స్టేట్‌మెంటే మేడమ్. మీ అజాగ్రత్త వల్ల పడ్డారని."

"నా అజాగ్రత్త లేదే!"

"పోనీ, హర్షిత వల్ల అని రాయండి."

"రాస్తే పిల్లని తీసేస్తారు. ఊరంతా తిరిగి తిరిగి వాళ్ళమ్మకు దొరికిన స్కూలప్పా అది!"

"మరి తప్పెవరిది?"

"మీ ట్రస్టుది. ఆ పొద్దు గెస్టులొచ్చినారని నాకు సాయంగా ఉండే ఆయమ్మను టిఫిన్లు పెట్టేదానికి పిల్చుకోని పోయినారు. వరండాలో బ్యాండు వాయించినారు. పెద్ద శబ్దమంటే హర్షితకు భయమని ముందే చెప్పినా. ఒక్కదాన్నే అందర్నీ ఎట్లా చూసేది?"

సుధీర్ గొంతు తగ్గించాడు. "సంతకం లేకుంటే మిమ్మల్ని మళ్ళీ డ్యూటీలో చేర్చుకోరు మేడమ్."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చేర్చుకోకపోతే ఏడుస్తా. ఆ పిల్లలంటే నాకు ప్రాణం. అయినా అబద్ధం రాయను. దమ్ముంటే ఒకసారి నా క్లాసుకు రండి."

దమ్ము మాటెత్తితే ఏ మగాడాగుతాడు! సోమవారం జోరువానలో, నల్లకోటు తడుపుకుంటూ సుధీర్ స్కూల్లో దిగాడు. నేత్రావతి పిల్లల్ని చూసే వంకతో వచ్చి, క్లాసు గుమ్మంలోనే అతనికి పాఠం మొదలుపెట్టింది.

"ఇక్కడ పిల్లల్ని మనంతట మనం తాకకూడదు. ఎదురుగా కూర్చొని అరచెయ్యి చాపాలి. వాళ్ళు చెయ్యి పెట్టేదాకా ఆగాలి."

"సరే సరే" అన్నాడు, ఆమె కళ్ళను తప్ప దేన్నీ పట్టించుకోకుండా.

అంతలో ఉరిమింది. హర్షిత చెవులు మూసుకుని తలుపు వైపు పరుగెత్తింది. హీరోలా కనిపించే అవకాశం వచ్చిందని సుధీర్ అడ్డం వెళ్ళి ఆ పిల్ల భుజం పట్టుకున్నాడు. మరుక్షణం హర్షిత పళ్ళు అతని చేతిలో దిగాయి.

"యమ్మా! సచ్చినానప్పో!"

కోర్టు తెలుగు ఎటు పోయిందో గాని, సొంతూరు చందాపుర తెలుగు బయటపడింది. నేత్రావతి నవ్వాపుకుంటూ నేలమీద కూర్చొని ఎడమ అరచెయ్యి చాపింది. కాసేపటికి హర్షిత వచ్చి తన చెయ్యి అందులో పెట్టింది. చూస్తూ నిలబడ్డ సుధీర్‌కు నేత్రావతి మీద ప్రేమ పుట్టింది. చెయ్యి కూడా బాగానే మండుతోంది.

గాయానికి మందు రాస్తూ నేత్రావతి అడిగింది. "ఇప్పుడు చెప్పండి. ఇది ఎవరి అజాగ్రత్త?"

"నాదే. మీరు చెప్పినా నేను వినలేదు."

"మరి నా చెయ్యి?"

సుధీర్ కట్టు వైపు చూశాడు. "మీరు చెప్పినా ట్రస్టు వినలేదు."

ఆ మాటే ట్రస్టు మీటింగులోనూ అన్నాడు. "పనిలో పెట్టుకున్నవాళ్ళదే టీచరు భద్రత బాధ్యత. ఆ రోజు ఆయమ్మను క్లాసులోంచి తీసుకెళ్ళింది మనం. తప్పు మనది సార్."

"నువ్వు ఎవరి లాయరువయ్యా?" ఛైర్మన్ గుడ్లురిమాడు.

"మీ లాయర్నే. అందుకే ఓడిపోయే కేసు వద్దంటున్నా."

సణుక్కుంటూనే ఒప్పుకున్నారు. వైద్యం ఖర్చు, సెలవు రోజుల జీతం ట్రస్టుదే. ఆయమ్మను ఇక క్లాసులోంచి కదిలించరు. హర్షిత ఆ స్కూల్లోనే చదువుతుంది. పనిలోపనిగా సుధీర్‌ని కూడా మార్చేశారు.

సాయంత్రం సుధీర్ వచ్చి చెప్పిన ఆ కబురంతా విని నేత్రావతి ఏడుస్తూ నవ్వింది, తన ఇంటి వాకిట్లోనే. బయట మళ్ళీ వాన.

"నేనిప్పుడు వాళ్ళ లాయర్ని కాదు. కాబట్టి ఒక మాట చెప్పొచ్చు" అన్నాడు సుధీర్. "మీరంటే నాకు చానా ఇష్టం."

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. "నాకు కోపమెక్కువ."

"చూసినా కదా."

"కట్టు విప్పినాక క్లాసుకు పోతా. పెళ్ళైనా మానను."

"పెళ్ళా!"

నేత్రావతి నాలుక కరుచుకుంది. లోపలినుంచి తల్లి సావిత్రమ్మ గొంతు వినిపించింది. "మీరిద్దరూ తేల్చుకున్నాక నాకూ ఒక మాట చెప్పండప్పా. ముహూర్తం అడగాల కదా!"

సుధీర్ వానలోనే నిలబడి వెర్రివాడిలా నవ్వుతున్నాడు. నేత్రావతి బాగున్న చెయ్యి అతనికి చాపింది.

"తడుస్తా ఉండావు, లోపలికి రా."