కళ్లు పెట్టినోళ్లదే బొమ్మ

తిరుపతిలో ఒక మ్యూజియంలో పాత కలంకారీ గుడ్డలు ప్రదర్శనకు పెట్టారని తెలిసి, కలంకారీ బొమ్మలు గీసే నవీన పని మానుకుని శ్రీకాళహస్తి నుంచి బస్సెక్కింది. ఆర్నెల్లుగా ఆమె చేతికి కొత్త గీత రావడం లేదు. ఏం గీసినా ఎవరో గీసేసిందే.

అక్కడ ఒక గుడ్డ దగ్గర ఆగిపోయింది. బిందె దించుతున్న ఆడమనిషి బొమ్మ. నగలు, చీర మడతలు అన్నీ ఉన్నాయి, కళ్లు తప్ప. గీసిన తిరుమలమ్మ కళ్లు పెట్టకముందే చనిపోయిందని పక్కన చీటీ మీద రాసుంది. ఏదైనా ఆలోచన తడితే ఎడమ కంటి కింద పుట్టుమచ్చను గిల్లుకోవడం నవీనకు అలవాటు. ఆ రోజు గిల్లుకుంటూనే ఇంటికొచ్చి కలం పట్టింది. గీత నీళ్లలా పారింది. తిరుమలమ్మే పక్కన కూర్చుని గీయిస్తున్నట్టు అనిపించి, మనసులోనే అక్కా అని పిలుచుకుంది.

వాళ్ల పనిలో, గీసిన చెయ్యే చివర్న కళ్లు పెట్టాలి. శుక్రవారం తలంటుకుని పెడదామని గుడ్డను పనిచేసే కొట్టంలో మడిచి, ధనంజయకు అప్పగించింది. ఇద్దరూ ఒకే గురువు దగ్గర పని నేర్చుకున్నారు, సొంత అన్నకంటే ఎక్కువ. శుక్రవారం పొద్దున చూస్తే గుడ్డా లేదు, అన్నా లేడు. మ్యూజియంలో కొత్త బొమ్మలు కూడా పెడుతున్నారని ఏదో గుడ్డ పట్టుకుపోయాడని పక్కింటివాళ్లు చెప్పారు.

సాయంత్రం వానలో తడుస్తూ వెళ్లేసరికి, తన గుడ్డ తిరుమలమ్మ గుడ్డ పక్కనే వేలాడుతోంది. కింద ధనంజయ పేరు. బొమ్మకు కళ్లున్నాయి.

"అన్నా... ఇది నా గుడ్డ గదన్నా?"

"అరవొద్దు పాపా, జనం సూస్తా ఉండారు. నువ్వు కళ్లు పెట్టినావా? కళ్లు పెట్టినోళ్లదే బొమ్మ."

నవ్వుతూనే అన్నాడు, పాపిష్టివాడు. నవీనకు గుండె చెరువైంది. జనం పలచబడేదాకా ఆగి, కళ్లు లేని ముఖం ముందు నిలబడి గొణిగింది.

"అక్కా, నా బొమ్మ నాకిప్పియ్యి."

కరెంటు పోయింది.

ముందు వాసన వచ్చింది. బొమ్మ గీసేముందు గుడ్డకు పట్టించే కరక్కాయ, విరిగిన పాలు... తర్వాత గుడ్డ మీద కలం గీరే చప్పుడు. సర్... సర్... ఆగింది. దగ్గరికొచ్చింది. నవీన ఎడమ కంటి కింద చల్లగా, తడిగా ఏదో ఆనింది... ఒత్తింది... వదిలేసింది.

లైట్లు వెలిగాయి. ధనంజయ గోడకు అతుక్కుపోయి ఉన్నాడు. నవీన బొమ్మకు అతను పెట్టిన కళ్లు లేవు. తుడిచిన మరకైనా లేదు. తిరుమలమ్మ బొమ్మకు మాత్రం కళ్లొచ్చాయి. నల్లరంగు ఇంకా కారుతోంది.

అక్క తన పక్షాన నిలబడిందని నవీన ఏడుస్తూ దండం పెట్టింది. తన గుడ్డ దించుకుని వస్తుంటే ధనంజయ దారి వదిలాడు.

ఇంటి దగ్గర అమ్మ తువ్వాలుతో ఆమె ముఖం తుడుస్తూ చెయ్యి ఆపింది. గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పింది.

"ఏమే, నీ కంటికింద మచ్చ యాడ పోయింది?"

అప్పుడు గుర్తొచ్చింది. తిరుమలమ్మ బొమ్మకు కొత్తగా వచ్చిన ఎడమ కంటి కింద ఒక చుక్క ఉంది. అక్కా అని నమ్మింది కదా! అన్న చేసిన మోసానికి కూడా ఇంతగా ఏడవలేదు.

తన బొమ్మకు కళ్లు పెడదామని అప్పటికప్పుడే కలం ముంచి కూర్చుంది. వేలు అలవాటుగా కంటి కిందికి వెళ్లింది. అక్కడ ఏమీ లేదు.

చేతికి గీత రాలేదు.