రాజాంలో బోణీ

మొదటి సాక్షి సూరయ్య పాతపట్నంలో తన కొట్లోనే చచ్చాడు. నిన్న పొద్దున్నే షట్టర్ ఎత్తాడు, కాసేపటికి గల్లాపెట్టె మీదికి ఒరిగాడు. గుండెపోటని డాక్టర్ రాశాడు. ఏజెంట్ ధర్మేంద్ర నమ్మలేదు.

"బ్రీఫింగ్ విను." ఫోన్‌లో అతని చీఫ్ పద్మకుమారి. "టార్గెట్ ఒక విదేశీ ఫండ్. మన ఫైల్లో పేరు గద్ద. దిగుమతి గోనెసంచుల మీద సుంకం తీసెయ్యాలని టీవీలో అరిచేవాడికీ, ఉంచాలని అరిచేవాడికీ అదే డబ్బిస్తోంది."

"రెండువైపులా ఎందుకు?"

"ముందు సుంకం పోవాలి. చవక సంచులు వచ్చిపడి రాజాం జూట్ మిల్లు మూతపడాలి. దాన్ని కారుచవకగా కొన్నాక సుంకం మళ్లీ రావాలి. ఆ ఇద్దరూ విశాఖ హోటల్లో ఒకే చేతినుంచి కవర్లు అందుకోవడం చూసినవాళ్లు ఇద్దరే. సూరయ్య పోయాడు. మిల్లు భాగస్తుడు జగన్నాధం మిగిలాడు. ఇవాళ టారిఫ్ కమిటీ ముందు అతను ప్రాణంతో నిలబడాలి."

"బ్యాకప్?"

"ఝాన్సీ. కోడ్ నీకు తెలుసు."

గంట తర్వాత ధర్మేంద్ర రాజాంలో జగన్నాధం గోనెసంచుల కొట్లో గుమస్తా. చెవి మీద పెన్ను, చొక్కా గుండీలో కెమెరా.

"కొట్టు తెరవొద్దన్నాను," అన్నాడు పళ్లు బిగించి.

"బోణీ సెయ్యకుండా కమిటీ కాడికెల్తే నోట మాటొస్తాదేటి?" జగన్నాధం అగరొత్తులు వెలిగించాడు. "గోనెలు దులుపు."

"నేను ఆఫీసర్ని."

"ఏసం కట్టినావు గదా. తిట్లు కూడా తినాల. దులపరా ఒరే!"

ధర్మేంద్ర దులిపాడు. నిలబడలేకపోయాడు, కూర్చోలేకపోయాడు. వీధిలో ఏ బైకు నెమ్మదించినా గోనెల కింద పిస్టల్ మీదికి చెయ్యి పోతోంది.

స్కూటీ ఒకటి ఆగింది. ఆమె హెల్మెట్ తీసింది, ముఖానికి చుట్టిన స్కార్ఫ్ విప్పింది. ఎదురుగా ఆటోవాడు హారన్ కొట్టడం మరిచిపోయాడు. ఝాన్సీ! నవ్వుతూనే ఢిల్లీ విందుల్లో రహస్యాలు లాగిన మనిషి.

"నార తడిసిందా?" అంది.

"నిన్ననే ఎండబెట్టాం."

కోడ్ సరిపోయింది. ధర్మేంద్ర ఊపిరి వదిలాడు.

"బోణీ నాదే బాబాయ్. రెండు తాళ్లివ్వండి."

జగన్నాధం ముఖం వెలిగిపోయింది. తాళ్లు చుట్టి ఇచ్చాడు. ఆమె కొత్త ఐదువందల నోటు చాచింది.

ధర్మేంద్ర ఆ చేతినే చూశాడు. హెల్మెట్ తీసింది, స్కార్ఫ్ తీసింది. ఎండ గ్లౌజులు మాత్రం తియ్యలేదు. పైగా ఝాన్సీ టీకి కూడా ఫోన్‌లోనే చెల్లిస్తుంది.

"ఫోన్‌పే చెయ్యండమ్మా."

"బోణీకి ఫోనేటిరా ఎదవా! కల్లకి అద్దుకోడానికేటుంటాది?"

జగన్నాధం నోటును రెండు చేతులా పైకెత్తాడు.

కళ్లు! సూరయ్యా బోణీ వేళే పోయాడు.

ధర్మేంద్ర చేతిలోని గోనె విసిరాడు. కనురెప్పకు వేలెడు దూరంలో నోటు ఎగిరి కింద పడింది. ఝాన్సీ చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయేలోపు మణికట్టు విరిచి పట్టుకున్నాడు.

"ఏం పూశావు?"

"కంటికి తగిలితేనే పనిచేస్తుంది. చేతులు కడుక్కుంటే చాలు." ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. "షావుకార్లకి విషం ఇంతకన్నా మర్యాదగా ఎలా ఇస్తాం?"

"డిపార్ట్‌మెంట్ జీతం తింటూ!"

"గద్ద రెండువైపులా కొంటుంది ధర్మా. నేను రెండువైపులా అమ్ముకున్నాను."

జగన్నాధం సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చి చతికిలబడ్డాడు. "బోణీ సెడిపోనాది. నాను రాను."

"కమిటీ లేచిపోతుంది సావుకారూ!"

"ఎల్లిపోనీ. సెడిన బోణీతో గడప దాటను."

ధర్మేంద్ర జేబులోంచి వంద తీశాడు. "ఒక తాడివ్వండి."

"నీకేటికి?"

"ఈవిడకి."

జగన్నాధం నోటు వంక అనుమానంగా చూశాడు. "ముందు నువ్వద్దుకో."

భారత ప్రభుత్వ రహస్య ఏజెంట్ ఆ నోటు కళ్లకద్దుకున్నాడు. తర్వాత జగన్నాధం అద్దుకున్నాడు, గల్లాలో వేశాడు, చెప్పులు తొడుక్కున్నాడు.

కమిటీ ఛైర్మన్ కుర్చీలోంచి లేస్తుండగా జగన్నాధం హాల్లోకి అడుగుపెట్టాడు. రెండు పేర్లూ చెప్పాడు. కవర్ల సంగతి చెప్పాడు. సుంకం ఎత్తివేత ఆగింది, విచారణ మొదలైంది.

ఆ సాయంత్రం టీవీలో ఆ ఇద్దరు వక్తలూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఆరు నెలలుగా ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నవాళ్లు. జగన్నాధం అబద్ధాలకోరని ఇద్దరూ తేల్చారు. సుంకాల మీద చర్చ ఏకాభిప్రాయంతో ముగియడం అదే మొదటిసారి.